మామ లాడ్జికి కొత్త తాళాలు: ఆరు వారాల పని డైరీ

మొదటి రాత్రి

శనివారం రాత్రి పన్నెండున్నరకు మామ ఫోన్ చేశారు. "పాపా, పడుకున్నావా? ఒకసారి లాడ్జి కాడికి రాగలవా?" అన్నారు. ఆ గొంతు వినగానే అత్తకు ఏమైనా అయిందేమోనని టెన్షన్ పడ్డాను. బండి తీసి పది నిమిషాల్లో వెళ్లాను.

మామ లాడ్జి తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధుల్లో ఉంది. పద్దెనిమిది గదులు. కింద రోడ్డు వైపు అత్త నడిపే ఇత్తడి, పూజా సామాన్ల కొట్టు. రిసెప్షన్ ముందు బళ్లారి నుంచి వచ్చిన ఒక కుటుంబం నిలబడి ఉంది. బిడ్డకు పుట్టు వెంట్రుకలు తీయించడానికి వచ్చారు. పెద్దాయన మెట్ల మీదే కూర్చుండిపోయాడు. బిడ్డ తండ్రి ఫోన్ చూపించాడు. లాడ్జి పేరు మాదే, బోర్డు ఫొటో మాదే, ఫోన్ నంబరు మాత్రం మాది కాదు. రెండు గదులకు అడ్వాన్సు అనుకుని ఆ నంబరుకు 4,200 రూపాయలు పంపాడు.

"మీ పేరు చూసే కదన్నా పంపినాము" అన్నాడు. మామ దగ్గర దానికి జవాబు లేదు. గదుల తాళాలు తీసిచ్చారు, అడ్వాన్సు మాట ఎత్తలేదు.

నేను ముందు ఆ తండ్రి చేత 1930కి ఫోన్ చేయించాను. ఇలా డబ్బు పోయినప్పుడు చేయాల్సిన జాతీయ హెల్ప్‌లైన్ నంబరు అది. ఎంత పోయింది, ఎప్పుడు, ఏ బ్యాంకు నుంచి, యూపీఐ లావాదేవీకి వచ్చే 12 అంకెల నంబరు ఎంత అని అడిగారు. ఆ అంకెలు యాప్‌లో ఎక్కడుంటాయో అతనికి తెలియదు, వెతికి చదివి వినిపించాను. ఫిర్యాదు నంబరు మెసేజ్‌గా వచ్చింది. డబ్బు కట్టి అప్పటికి ఆరు గంటలు దాటింది. మోసగాళ్లు వచ్చిన డబ్బును ఒక ఖాతాలో ఉంచరు, నిమిషాల్లో రెండు మూడు ఖాతాలకు తిప్పేస్తారు. అది ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే బ్యాంకు ఆపగలగాలి. అందుకే ఈ విషయంలో ఆలస్యం నేరుగా డబ్బులోనే తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక కూడా నిద్ర పట్టలేదు. పదేళ్లుగా ఆఫీసులకు నెట్‌వర్క్ పని చేస్తున్నాను. సొంత మేనమామ వ్యాపారం వైపు ఒక్కసారీ చూడలేదు. పొద్దున్నే ఫోన్ చేసి, సాయంత్రాలు వచ్చి మొత్తం సరిచేస్తానని మామకు చెప్పాను.

రెండో రోజు

ముందు నంబరు సంగతి. మ్యాపులో మా లాడ్జి వివరాలకు యజమాని అంటూ ఎవరూ లేరు. ఎవరో ఎప్పుడో చేర్చిన చోటు అది. అలాంటి చోట ఫోన్ నంబరు తప్పుగా ఉందని ఎవరైనా సవరణ పంపవచ్చు, అది ఒప్పుకుంటే లోకమంతటికీ ఆ నంబరే కనిపిస్తుంది. దీనికి ఏ హ్యాకింగూ అక్కర్లేదు. ఇదిగాక మా బోర్డు ఫొటో, ఎక్కడివో గదుల ఫొటోలు పెట్టి ఒక నకిలీ వెబ్‌సైటు కూడా తయారు చేశారు. తిరుపతికి ఏ వేళలోనైనా జనం వస్తూనే ఉంటారు, ఊరు తెలియని వాళ్లు, పిల్లాపాపలతో, రాత్రికి గది దొరుకుతుందో లేదోనన్న భయంతో. మోసగాడికి ఆ భయం చాలు.

యజమానిగా నిరూపించుకోవడానికి మ్యాపు కంపెనీవాళ్లు వీడియో తీసి పంపమన్నారు. వీధి మొదలు నుంచి నడుస్తూ బోర్డు, మెట్లు, రిసెప్షన్, చివర గదుల తాళంచెవులు వేలాడే చెక్క పలక వరకు తీశాం. మామ తాళంచెవులు ఒక్కొక్కటీ తాకి చూపించారు. ఆ ఫలితం కోసం ఎదురుచూడాలి. నకిలీ సైటు మీద సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాం. ఆ సైటు డొమైన్ పేరు, అంటే వెబ్ చిరునామా, అమ్మిన కంపెనీకి కూడా రాశాను.

నాలుగో రోజు

పోయినేటి దేవస్థానం క్యాలెండర్ కాగితం ఒకటి తిప్పి, తెల్లగా ఉన్న వైపు లాడ్జిలో, కొట్టులో ఉన్న ప్రతి వస్తువూ రాశాను. రిసెప్షన్ కంప్యూటరు, అత్త బిల్లింగ్ లాప్‌టాప్, రౌటరు, ఎనిమిది కెమెరాల వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టె, నాలుగు ఫోన్లు, రెండు క్యూఆర్ స్టిక్కర్లు, సౌండ్‌బాక్స్. ఒక్కోదాని ఎదురుగా పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు అని ఒక గడి. ఆ గడి నింపుతుంటేనే సగం జబ్బు తెలిసిపోయింది. రౌటరుకు పెట్టెతో వచ్చిన పాస్‌వర్డే ఉంది. డీవీఆర్‌దీ అంతే. లాడ్జి ఈమెయిల్‌కు రికవరీ నంబరు, అంటే పాస్‌వర్డ్ మరిచిపోతే మళ్లీ తెరవడానికి కోడ్ వచ్చే నంబరు, పోయినేడు మానేసిన మేనేజరుది.

ఆ తర్వాత ఏడో నంబరు గదికి వెళ్లి, మంచం మీద కూర్చుని, దిగిన గెస్టులాగే నా లాప్‌టాప్ తెరిచాను. వైఫై పాస్‌వర్డ్ తలుపు వెనక అంటించి ఉంది. కలిపాను. నెట్‌వర్క్‌లో ఇంకేమున్నాయో చూస్తే రిసెప్షన్ కంప్యూటరు కనిపించింది. అందులో 'ఐడీలు' అని ఒక ఫోల్డరు. నొక్కితే పాస్‌వర్డ్ అడగలేదు. ఆధార్ కార్డులు. వేల మందివి, రెండు వైపులా, సంవత్సరాల వారీగా. పెళ్లయి కొత్తగా వచ్చిన జంటలు, ముసలివాళ్లు, పరీక్ష రాయడానికి వచ్చిన పిల్లలు.

మామను పైకి పిలిచాను. స్క్రీన్ వైపు కాసేపు చూశారు.

"ఇవి ఈడికెట్ట వచ్చినాయి?"

"రాలేదు మామా. కిందే ఉన్నాయి. ఇక్కడి నుంచి తెరుచుకుంటున్నాయి."

"అంటే ఈ రూములో దిగినోళ్లు ఎవరైనా..."

ఆ మాట పూర్తి చేయకుండా కుర్చీలో కూర్చున్నారు. మామ ముప్పై ఏళ్లుగా లాడ్జి నడుపుతున్నారు. గదిలో ఎవరైనా మరిచిపోయిన ఉంగరాన్ని ఆరు నెలలు దాచి, ఫోన్ చేసి మరీ పంపించిన మనిషి. జనం నమ్మి చేతికిచ్చిన కాగితాలు ఇలా వాకిట్లో పడి ఉన్నాయని తెలిసి ఆయన పడ్డ బాధ నేను మరిచిపోలేను.

ఎలా జరిగిందంటే, స్కానరులో తీసిన కాపీ నేరుగా ఫోల్డరులో పడాలని అప్పట్లో బిగించిన కుర్రాడు దాన్ని అందరికీ తెరిచి పెట్టాడు. స్కానరు పని చేసింది, కాబట్టి ఆ తర్వాత ఎవరూ అటు చూడలేదు. నేను చూసిన చిన్న వ్యాపారాల్లో ముప్పు ఎక్కువగా ఇలాగే దాగి ఉంటుంది. పని జరిగిపోతోంది కదా అని ఎవరూ తెరిచి చూడని చోట.

ఆ రాత్రే ఫోల్డరు పంచుకోవడం ఆపేసి, రిసెప్షన్ కంప్యూటరు నెట్ తీగ పీకేసి ఇంటికి వచ్చాను.

అయిదో రోజు

ఆ కంప్యూటరులో ఉన్నది విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. "బాగానే తిరుగుతా ఉండాది కదా, ఎందుకు మార్చేది?" అని మామ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2017 మే నెల గుర్తు చేశాను. మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, బిట్‌కాయిన్లలో డబ్బు కడితేనే తీస్తామంది. మన రాష్ట్రంలో చిత్తూరుతో సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి పాకింది విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఏర్పాటులోని లోపం గుండానే. మా 'ఐడీలు' ఫోల్డరు తెరుచుకున్నదీ అదే ఏర్పాటుతో. ఆ లోపానికి మందు మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు, పాతబడి మందు అందని విండోస్ వాడుతున్నవాళ్లు దెబ్బతిన్నారు.

మామ ఇంకేం అడగలేదు. కొత్త కంప్యూటరుకు ఒప్పుకున్నారు. విండోస్ 10కు కూడా మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి కాబట్టి 11 ఉన్నదే కొన్నాం. గదుల సాఫ్ట్‌వేర్ ఇన్నాళ్లూ క్రాక్ చేసిన కాపీ, అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ. దాన్ని తీసేసి, లైసెన్సు కొన్నాం. ఆ ఖర్చు మామకు నచ్చలేదు. కానీ క్రాక్ ఫైలు నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఎవరో తెలియని మనిషి "మీ కాపలావాణ్ని కాసేపు బయటకు పంపండి" అంటే మనం పంపం కదా అన్నాను.

రెండో వారం

రౌటరు మార్చాను. కొత్తదానిలో గెస్టులకు వేరే వైఫై, లాడ్జికి వేరే. గెస్టుల వైపు నుంచి ఇంటర్నెట్ తప్ప ఇంకేమీ అందదు. మళ్లీ ఏడో నంబరు గదిలో కూర్చుని చూశాను, ఏమీ కనిపించలేదు. మామను కూడా పిలిచి చూపించాను.

డీవీఆర్ దగ్గర ఒక పూట పోయింది. మామ ఇంటి నుంచి ఫోన్‌లో కెమెరాలు చూడాలని, బిగించినవాళ్లు రౌటరులో ఒక దారి తెరిచి వదిలేశారు. దారి తెరిచి ఉంది, తాళం పెట్టెతో వచ్చిందే. 2016లో మిరాయ్ అనే వైరస్ సరిగ్గా ఇలాంటి కెమెరాలను, డీవీఆర్‌లను, కంపెనీ పాస్‌వర్డ్ మార్చని వాటినే వెతికి పట్టుకుంది. వాటన్నిటినీ ఒక సైన్యంలా నడిపించి పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. మన డీవీఆర్ మన వరండాను పరాయివాళ్లకు చూపించడమే కాదు, మనకు తెలియకుండా ఇంకొకరి మీద దాడికీ పనికొస్తుంది. దారి మూసేసి, పాస్‌వర్డ్ మార్చి, కంపెనీ యాప్ ద్వారా మాత్రమే చూసేలా పెట్టాను.

పాత మేనేజరు గారికి ఫోన్ చేస్తే శ్రీకాళహస్తి నుంచి స్వయంగా వచ్చారు. ఆయన నంబరుకు వచ్చిన ఓటీపీ ఇస్తేగాని ఈమెయిల్ రికవరీ నంబరు మారదు. "నా మీద అనుమానమా సామీ?" అని మామను అడిగారు. కాదు, మీ ఫోన్ పోయినా మా లాడ్జి పోకూడదు అని చెప్పాను. టీ తాగి వెళ్లారు. గదులు బుక్ చేసే సైట్ల లాగిన్లన్నీ ఆ ఈమెయిల్ మీదే ఉన్నాయి. అది చేజిక్కితే మన పేరుతో మన గెస్టులకే "అడ్వాన్సు ఈ లింకులో కట్టండి" అని మెసేజ్ పెట్టవచ్చు. ఈమెయిల్‌కు, వాట్సాప్‌కు రెండంచెల తాళం పెట్టాను. వాట్సాప్‌లో ఆరంకెల పిన్ పెట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

ఆధార్ ఫైళ్ల విషయం మామ పోలీసు స్టేషనుకు వెళ్లి, ఏ వివరాలు ఉంచాలో అడిగి వచ్చారు. ఆ మేరకు ఉంచి, వాటికి పాస్‌వర్డ్ పెట్టి, మిగతావి తీసేశాం. ఇక నుంచి మొదటి ఎనిమిది అంకెలు మరుగుచేసిన మాస్క్‌డ్ ఆధార్ చూపించినా తీసుకుంటున్నాం. రిసెప్షన్‌లో కుర్రాడు హడావిడిలో తన సొంత ఫోన్‌తో కార్డులు ఫొటో తీసేవాడు, అది పూర్తిగా మాన్పించాం. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం లేకపోయినా ఈ పని చేయాల్సిందే.

మూడో వారం, మంగళవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండు గంటలప్పుడు రిసెప్షన్ కుర్రాడికి ఫోన్ వచ్చింది. అవతలి మనిషి హిందీలో, తాను ఆర్మీ ఆఫీసరునని, పది గదులు మూడు రోజులకు కావాలని అన్నాడు. గుర్తింపు కార్డు ఫొటో పంపాడు. అడ్వాన్సు తమ ఆఫీసు పద్ధతిలోనే వస్తుందని, ముందు ఒక్క రూపాయి పంపి చూడమన్నాడు. కుర్రాడు పంపాడు. వెంటనే రెండు రూపాయలు తిరిగి వచ్చాయి. ఆ తర్వాత ఒక క్యూఆర్ పంపి, "దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టు, పదిహేను వేలు నీకు పడతాయి" అన్నాడు.

అప్పుడే నేను అత్త కొట్టులోకి వచ్చాను. అద్దంలోంచి కుర్రాడు కనిపిస్తున్నాడు. ఫోన్ చెవి దగ్గర ఉంది, ఇంకో చేతిలో లాడ్జి ఫోన్, వేలు స్క్రీన్ మీద ఆగిపోయి ఉంది. అవతల అరుపులు నాకు వినిపిస్తున్నాయి. కుర్రాడి మెడ మీద చెమట. చివరికి "సార్, మీరే ఈడికొచ్చి కట్టండి సార్" అని ఫోన్ పెట్టేశాడు.

"అక్కా, చానా అరిచినాడక్కా. ఓనరుకు చెప్పి ఉద్యోగం తీయిస్తా అన్నాడు" అన్నాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. మూడు రోజుల కింద నేను చెప్పిన ఒక్క మాట గుర్తొచ్చిందట: డబ్బు పంపడానికే పిన్, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు వస్తుందని చెప్పి పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు పోతోందన్నమాట.

వ్యక్తుల మధ్య డబ్బు అడిగే రిక్వెస్టులను యూపీఐలో 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. అయినా క్యూఆర్ స్కాన్ చేయించే దారి ఉండనే ఉంది. ఆ రెండు రూపాయలే గాలం. ఒకసారి డబ్బు వచ్చిందంటే మనసు నమ్ముతుంది. ఆ తర్వాత తొందర, కోపం, పెద్ద హోదా. ఎనిమిది వేల జీతగాడికి ఓనరు బేరం పోగొట్టానేమోనన్న భయం ఎంతుంటుందో మామకు చెప్పాను. మామ అందరి ముందు కుర్రాడి భుజం తట్టి, "బేరం పోతే పోనీ, అడిగితే నేను చెప్పినానని చెప్పు" అన్నారు. ఈ ఆరు వారాల్లో నేను బిగించిన ఏ పరికరం కంటే ఆ మాటే ఎక్కువ కాపు కాస్తుందని నా నమ్మకం.

మూడో వారం, మిగతా రోజులు

అత్త కొట్టు. పొద్దున షట్టరు ఎత్తగానే తన ఫోన్‌తో తన క్యూఆర్ స్కాన్ చేసి, తన పేరే వస్తుందో లేదో చూడడం అలవాటు చేశాను. స్టిక్కరు మీద స్టిక్కరు అంటించడం ఒక్క క్షణం పని. రద్దీలో సౌండ్‌బాక్స్ నెట్ అందక మూగబోతే, కొన్నవాళ్ల ఫోన్‌లో పచ్చ టిక్కు చూసి పంపేయకూడదు, అలాంటి స్క్రీన్ చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. మన యాప్‌లో, మన ఖాతాలో చూడాలి. కొనేవాళ్లను అనుమానించినట్టు ఉంటుందని అత్తకు మొహమాటం. "ఒక్క నిమిషం ఉండమ్మా, మా మిషను పలకలేదు" అంటే చాలని ఆవిడే ఒక మాట తయారు చేసుకున్నారు.

గదులు తుడిచే అబ్బాయి ఫోన్‌కు బంధువు నంబరు నుంచి పెళ్లి పత్రిక వచ్చింది. ఫైలు పేరు చివర ఏపీకే. నాకు చూపించాడు కాబట్టి సరిపోయింది. అది పత్రిక కాదు, యాప్. వేసుకుంటే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఇస్తే ఓటీపీలు అటు వెళ్లిపోతాయి. ఆ బంధువు ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉన్నట్టు. వెంటనే ఆ బంధువులకు ఫోన్ చేయించాం. మా దగ్గర అలా జరగకుండా, లాడ్జి యూపీఐ, బ్యాంకు ఉన్న సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి, అందులో వాట్సాప్ లేకుండా చేశాం.

నాలుగో వారం

బ్యాకప్. సాఫ్ట్‌వేర్ రోజూ రాత్రి పదకొండుకు బ్యాకప్ తీస్తోందని మామ ధీమాగా ఉన్నారు. తీస్తోంది. అదే కంప్యూటరులో, అదే డిస్కులో. వానాక్రై లాంటిది వస్తే అసలుకూ నకలుకూ కలిపి ఒకే తాళం పడుతుంది.

రెండు హార్డ్‌డిస్కులు కొన్నాం. ఒకటి లాడ్జిలో, ఒకటి ఇంట్లో అత్త బీరువాలో. ప్రతి శుక్రవారం అటుది ఇటు, ఇటుది అటు. బ్యాకప్ తీసేంతసేపే కంప్యూటరుకు తగిలించి ఉండాలి, తర్వాత పీకేయాలి. ఇంకో నకలు ఆన్‌లైన్‌లో. మూడు నకళ్లు, రెండు రకాల చోట్ల, కనీసం ఒకటి బయట.

శనివారం నిజంగా పరీక్షించాం. కంప్యూటరు పోయిందనుకుని నా లాప్‌టాప్‌లో అంతా తిరిగి పెట్టాలి. మొదటిసారి విఫలమైంది. గదుల రిజిస్టరు వచ్చింది కానీ అడ్వాన్సుల లెక్క రాలేదు. అది డెస్క్‌టాప్ మీద విడిగా ఒక ఎక్సెల్ ఫైలులో ఉందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వైకుంఠ ఏకాదశికి ముందే తీసుకున్న అడ్వాన్సులన్నీ అందులోనే. అది చేర్చి ఆదివారం మళ్లీ చేస్తే అన్నీ వచ్చాయి. మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఆ సమయం గోడ మీద రాశాం, అంతసేపు చేతి రిజిస్టరుతో నడపాలి కాబట్టి ఒక కొత్త నోటు పుస్తకం సొరుగులో పెట్టాం.

అయిదో వారం

అత్తకు ఇత్తడి సామాన్లు పంపే మొరాదాబాద్ వ్యాపారి నంబరు నుంచి వాట్సాప్: బ్యాంకు ఖాతా మారింది, ఇక మీదట ఇందులో వేయండి. ఇలాంటి మెసేజ్ నమ్మి వ్యాపారాలు పెద్ద మొత్తాలు పోగొట్టుకుంటాయి. అత్త డబ్బు వేయకుండా, పాత బిల్లు మీద అచ్చయిన నంబరుకు ఫోన్ చేశారు. నిజంగానే ఆయన ఖాతా మార్చారు. ఫోన్ చేసినందుకు ఏమనుకుంటారోనని అత్త జంకారు గానీ, ఆయన మాత్రం ఇకపై తానూ అందరికీ అలాగే చేస్తానన్నారట.

రిసెప్షన్ గోడకు ఒక కాగితం అంటించాం. పెద్ద అక్షరాల్లో 1930, దాని కింద మా బ్యాంకు శాఖ నంబరు. మన తప్పు లేకుండా ఖాతాలోంచి డబ్బు పోతే మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలియజేసిన వారికి నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఆదేశం ఇచ్చింది. మనమే పిన్ కొట్టినా, ఓటీపీ చెప్పినా ఆ రక్షణ అలా వర్తించదు, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే. రెండు సందర్భాల్లోనూ ఫోన్ వెంటనే చేయాలి.

ఆరో వారం

మ్యాపులో లాడ్జి మామ పేరు మీదకు వచ్చింది. నంబరు సరిచేశాను. నకిలీ సైటు ఈ రోజు తెరుచుకోలేదు. బళ్లారి అబ్బాయికి ఫోన్ చేశాను. పంపిన డబ్బులో 1,500 ఒక ఖాతాలో ఆగిందని మెసేజ్ వచ్చిందట, మిగతాది పోయినట్టే. బిడ్డ బాగుందని చెప్పాడు.

సాయంత్రం నేను రిసెప్షన్‌లో ఉండగానే మ్యాపు చూసి ఒకావిడ ఫోన్ చేసింది. ఖమ్మం నుంచి, గురువారం ఒక గది కావాలి. మామ అద్దె చెప్పారు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అన్నా, ఏమనుకోవద్దు, ఇది నిజంగా మీ లాడ్జేనా? పోయినసారి మేము మోసపోయాం" అంది.

మామ నా వైపు చూశారు. "వీడియో కాల్ చేయమ్మా" అని చెప్పి, ఫోన్ పట్టుకుని మెట్లు దిగి, రోడ్డు దాటి అవతలి వైపు నిలబడ్డారు. ఆటోలు వెళ్తుంటే ఆగి, ఫోన్ పైకెత్తి ఆవిడకు బోర్డు చూపిస్తున్నారు.